ఏఐతో రీసెర్చ్ చేసే పిల్లోళ్లకు, వాళ్ల గైడ్లకు

శ్రోతలందరికీ నమస్కారం. మన కర్నూలు జిల్లా పడమటి పక్క, ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల్లో సుగ్గి, అంటే పనికోసం వలస పోయే టైమొచ్చిందంటే ఇళ్లకు తాళాలు పడతాయి, మిరప కోతలకని గుంటూరు పక్కకు పోతారు, అమ్మానాయనల ఎంబడి పిల్లోళ్లూ పోతారు, బళ్లో హాజరు పట్టీలో ఆ నెలలంతా ఆబ్సెంటే. దీని మీద మన ఎంఈడీ, పీహెచ్‌డీ పిల్లోళ్లు రాయాల్సింది ఎంతో ఉంది.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చినప్పట్నుంచీ థీసిస్ పనిలో ఏఐ వాడకం బాగా పెరిగింది. వాడొద్దని నేననను. తెలుగు మీడియంలో చదివొచ్చినోళ్లకు ఇంగ్లీషు వాక్యం సరిచేసుకోనీకి, ఎక్సెల్ లెక్క అర్థం చేసుకోనీకి అది నిజంగా ఆసరా.

కానీ ఒక సంగతి చూడండి. ఒక తల్లి ఇంటర్వ్యూలో "బిడ్డను ఇడ్సిపెట్టి పోతే ఎవరు సూస్తారు సార్, అవ్వకు కండ్లు కనపడవు" అని చెప్పిందనుకోండి. అట్లాంటివి ఇరవై ఇంటర్వ్యూలు ఏఐకి ఇచ్చి సారాంశం రాయమంటే, "తల్లిదండ్రుల్లో చదువు పట్ల అవగాహన లోపం" అని నున్నగా రాసిచ్చే ప్రమాదముంది, ఎందుకంటే అది చదివిన రాతల్లో ఎక్కువసార్లు కనపడే మాటలే దానికి ముందు తగుల్తాయి. ఆమె మాట పట్టుకుంటే అమ్మానాయనలు వలస పోయిన నెలల్లో పిల్లోళ్లను ఉంచుకునే సీజనల్ హాస్టల్ ఊర్లో కావాలని తేలుతుంది, ఏఐ మాట పట్టుకుంటే అవగాహన సదస్సు పెట్టి చేతులు దులుపుకుంటారు. ఆ తల్లికి జరిగే అన్యాయం చిన్నది కాదు. అందుకే సారాంశంలో ప్రతి లైనూ రికార్డింగ్‌తో పోల్చుకోవాల.

ఇంకొందరు ఏ ఊర్లోనూ అడుగు పెట్టకుండానే యాభైమంది టీచర్ల జవాబులు తయారుచేసిమ్మని అడుగుతారు, అదీ ఇస్తుంది. అది రీసెర్చ్ కాదు, మోసం, ఇంకో పేరు లేదు.

రిఫరెన్సులు కూడా అంతే. లేని పేపర్‌కు రచయిత, జర్నల్, సంవత్సరం అన్నీ పెట్టి ఇస్తుంది. అమెరికాలో 2023లో లాయర్లు అట్లా పుట్టించిన కేసులు కోర్టులో పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సొచ్చింది. పేపర్ తెరిచి చదవంది లిస్టులో పెట్టొద్దు.

పిల్లోళ్ల పేర్లు, బడి పేరు, కులం, ఫోన్ నంబర్లు ఉన్న ఫైలు ఎట్లుందట్లా అప్‌లోడ్ చేయకండి. 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్ల లోపోళ్లంతా పిల్లలే. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనల్ని నమ్మి చెప్పినోళ్ల వివరాలవి.

గైడ్లకూ ఒక మాట. కాపీ రాతల మీద యూజీసీ పెట్టిన 2018 నిబంధనల్లో, వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, నిజమే, కానీ ఏఐ కొత్తగా అల్లిన వాక్యాలు ఆ పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌కు దొరక్కపోవచ్చు. ఏఐ రాతను పట్టిస్తామనే టూల్స్ కూడా తప్పు చెప్తాయి, సొంతంగా రాసినోళ్ల మీద నింద పడొచ్చు. దానికన్నా స్కాలర్‌ను కూర్చోబెట్టుకోని ఫీల్డ్ నోట్సు తెమ్మని, ఈ మాట ఏ ఊర్లో విన్నావని అడగండి. ఏ టూల్, ఏ వెర్షన్, ఏ నెలలో, ఏ పనికి వాడినామో మెథడాలజీ చాప్టర్‌లో ఒక పేరా రాయించండి. దాచుకోకుండా ఆ పేరా రాసిన పిల్లోళ్లను దాని కోసమే తక్కువ చేసి చూడొద్దని నా విన్నపం.