'నీ దేశం' అంటే ఏ దేశం?

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మమ్మగారింట్లో ఒక టేకు పెట్టె ఉండేది. దాన్ని అందరూ రంగం పెట్టె అనేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. కాకినాడ, విశాఖపట్నం వైపు పెద్దవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు మన తీరం నుంచి వేలాది మంది ఓడెక్కి రంగం వెళ్ళారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరుమీదుగా అక్కడ మనవాళ్ళని 'కోరంగీలు' అని పిలిచేవారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చేసరికి, ఓడ దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటి కాలినడకన బయలుదేరారు. ఎంతోమంది దారిలోనే పోయారు. ఆ ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి.

ఆ పెట్టెను మళ్ళీ నాకు గుర్తుచేసింది ఒక నవల. అమితవ్ ఘోష్ ఇంగ్లీషులో రాసిన 'ది గ్లాస్ ప్యాలెస్'. 2000లో వచ్చింది. 1885లో బ్రిటిష్ వాళ్ళు బర్మా రాజధాని మాండలే పట్టుకుని, అక్కడి తీబా రాజును మన రత్నగిరికి పంపించేయడంతో మొదలై చాలా దూరం వెళ్తుంది. అదంతా చెప్పడానికి నాకిచ్చిన టైము చాలదు. అందుకని ఇవాళ ఒక్క గోడ గురించి, ఆ గోడ మీది ఒక్క మాట గురించి చెబుతాను.

ఆ గోడ డెహ్రాడూన్‌లో ఉంది. 1932లో అక్కడ మిలిటరీ అకాడమీ పెట్టారు, మన కుర్రాళ్ళను ఇక్కడే ఆఫీసర్లుగా తయారు చేయడానికి. ప్రారంభోత్సవంలో సర్వసేనాని చెట్‌వుడ్ దొర చెప్పిన మాటలు అక్కడ హాల్లో చెక్కి ఉంటాయి. వాటి అర్థం ఇది. నీ దేశం భద్రత, గౌరవం, క్షేమం ముందు, ఎప్పుడూ, ప్రతిసారీ. నీ చేతికింది సిపాయిల గౌరవం, క్షేమం, సౌకర్యం ఆ తర్వాత. నీ సుఖం, నీ భద్రత అన్నిటికన్నా చివర.

నవల్లో అర్జున్ ఈ అకాడమీలో చదివిన బెంగాలీ కుర్రాడు. హార్డీ అతని స్నేహితుడు, సిక్కు. అసలు పేరు హర్‌దయాళ్ సింగ్, దొరల నోట హార్డీ అయ్యాడు. ఇద్దరూ జాట్ పటాలంలో ఆఫీసర్లు. మెస్సులో అన్ని మతాలవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఇళ్ళల్లో ఎవరూ ముట్టనివి కూడా తింటారు. అసలైన భారతీయులం మేమే అని గర్వపడతారు. వాళ్ళ గర్వం చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త నవ్వూ వస్తుంది.

1941లో ఈ పటాలాన్ని మలయాకి, అంటే ఇప్పటి మలేషియా వైపు, పంపిస్తారు. ఒకరోజు అక్కడి క్లబ్బులో ఈత కొలనులో దిగుతారు. దిగేటప్పటికి కొలను నిండా తెల్లవాళ్ళు. ఎవరూ పొమ్మనరు, ఎవరూ మాట తూలరు. కాసేపట్లో మిగతావాళ్ళంతా ఒడ్డెక్కి వెళ్ళిపోతారు. కొలను మొత్తం వీళ్ళదే.

నేను ఎన్నో యుద్ధ నవలలు చదివాను. వాటిల్లో పేలిన ఫిరంగులు ఒక్కటీ గుర్తు లేవు. ఈ ఖాళీ కొలను మాత్రం గుర్తుంది. వీళ్ళు ప్రాణాలిచ్చి కాపాడవలసింది ఆ ఒడ్డెక్కినవాళ్ళనే!

ఆ మలయాలోనే హార్డీ, అర్జున్‌ని ఆ గోడ గురించి అడుగుతాడు. అకాడమీలో అన్నాళ్ళు చదువుకున్నాం కదా, ఎప్పుడైనా ఆలోచించావా? నీ దేశం ముందు అన్నారు. ఏ దేశం? ఎక్కడుంది అది? మనకి దేశం ఉందా అసలు? మరి ప్రమాణం చేసినప్పుడు దేశం మీద ఎందుకు చేయించలేదు, చక్రవర్తి మీద ఎందుకు చేయించారు?

ఏ దేశం? నవల్లో తుపాకి గుండు కన్నా లోతుగా దిగేది ఈ ప్రశ్నే.

డిసెంబరు 8న జపాన్ వాళ్ళు మలయాలో దిగారు. నాలుగైదు రోజుల్లో జిత్రా దగ్గర రక్షణ వరస చెదిరిపోయింది. అవతల ట్యాంకులు, ఇవతల ఒక్క ట్యాంకూ లేదు. ఫిబ్రవరి 15కల్లా సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కు మైదానంలో 40 వేలకు పైగా భారతీయ సిపాయిలను పోగుచేసి, బ్రిటిష్ అధికారి వాళ్ళను జపాన్ వాళ్ళకు అప్పజెప్పేశాడు. సంతలో గొడ్లను అప్పజెప్పినట్టు. బ్రిటిష్ వాళ్ళ మీద పోరాడే ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరాలా, చేరి జపాన్ పక్కన నిలబడాలా అని ఒక్కొక్కడూ తనలో తాను నలిగిపోయాడు. హార్డీ ముందే తేల్చుకున్నాడు. అర్జున్‌కి టైము పట్టింది. తన మాట, తన నడక, తన తిండి అన్నీ దొరలవే అయినప్పుడు, వాళ్ళను వదిలేస్తే తనలో ఇంకేం మిగులుతుంది? అదీ అతని టెన్షన్.

ఈ నవల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది గోడ మీది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు. నాకు రెండోది ముఖ్యం. నీ చేతికింది సిపాయిలు. అర్జున్‌కి కిషన్ సింగ్ అని ఒక ఆర్డర్లీ ఉంటాడు. బూట్లు తుడుస్తాడు, గాయం కడతాడు. అతనికి అకాడమీ లేదు, గోడా లేదు. ఆఫీసరుగారు ఏ దేశం అని మథనపడుతుంటే, ఆయన ఎటు నడిస్తే అటు నడవాల్సినవాడు. కిషన్ సింగ్‌కి చివరికి ఏమవుతుందో చెప్పను. అది మీరే చదవాలి.

ఇంకొక్క సంగతి. పుస్తకం చివర రచయిత తన తండ్రి గురించి రాసుకున్నారు. ఆయన బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఆఫీసరు. 1945లో బర్మాలో యుద్ధం చేశారు. అంటే అర్జున్‌కి అవతలి పక్క! కొడుకు నవల రాస్తుండగానే, రాతప్రతి చూడకుండా 1998లో పోయారు. ఈ పేజీ చదివాక నేను వెనక్కి వెళ్ళి హార్డీ ప్రశ్న మళ్ళీ చదివాను. ఈసారి అది ఒక ఇంట్లో భోజనాల దగ్గర అడగలేకపోయిన ప్రశ్నలా వినిపించింది.

చదవాలనుకునేవారికి ఒక చిన్న సలహా. ఐదువందల పేజీలు దాటిన పుస్తకం, మూడు తరాల మనుషులు. వందో పేజీకల్లా ఎవరు ఎవరో కలిసిపోతారు. అందుకని మొదటి రోజే ఒక తెల్ల కాగితం తీసుకుని పేర్లు రాసుకుంటూ గీతలు కలపండి. రాజ్‌కుమార్, డాలీ, వాళ్ళ కొడుకులు నీల్, దీనూ. ఇటు ఉమ, ఆవిడ అన్నదమ్ముల వైపు కవలలు మంజు, అర్జున్. కాగితం కాస్త పెద్దదే తీసుకోండి. నాకు మొదటిసారి చోటు చాలక, వెనక వైపు రాయాల్సి వచ్చింది. అది ఇప్పటికీ ఆ పుస్తకంలోనే ఉంది, కాఫీ మరకతో సహా.

నమస్కారం.