నడుము వాల్చే రోజు

శ్రోతలకు నమస్కారం.

మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. మా అమ్మ ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళ్లేది. ఊడ్పులంటే మీకు తెలిసిందే. పొద్దున్నే చేలో దిగితే సాయంత్రం దాకా వంచిన నడుము వంచినట్టే. శనివారం చేలోంచి వచ్చి, కాళ్ల బురద కడుక్కుని, అమ్మ మట్టి దాకలో చేపల పులుసు పెట్టేది. పులుసు తెర్లుతుంటే ముక్కలు మెల్లగా జారవిడిచి, గరిటె పెట్టకుండా దాకనే గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పేది. మూత పెట్టి, ఇక ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అది మర్నాటికి. ఆదివారం పొయ్యి మీదికి అన్నం తప్ప ఇంకేమీ ఎక్కేది కాదు.

చేపల పులుసు మర్నాటికే రుచని గోదావరి జిల్లాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అమ్మ మాత్రం రుచి కోసం అలా చేయలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చాప పరుచుకుని పడుకునేది. అమ్మ పగటిపూట నడుము వాల్చగా నేను చూసింది వారంలో ఆ ఒక్క రోజే.

బైబిల్లో ఇశ్రాయేలీయుల కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఎడారిలో వాళ్లకు తినడానికి రోజూ మన్నా అనే ఆహారం కురిసేది. ఆరో రోజున మాత్రం రెండు రోజులకు సరిపడా దొరికేది. ఏడో రోజు ఏరుకోవడానికి వెళ్లినవాళ్లకు ఏమీ కనిపించలేదు. అంటే రేపటి విశ్రాంతికి ఇవాళే ఏర్పాటు జరగాలి. మా ఇంట్లో ఆ ఏర్పాటు పులుసు దాక.

సబ్బాతు అనే హీబ్రూ మాటకు మూలంలో ఉన్న అర్థం ఆగడం, పని మానుకోవడం. మన తెలుగు బైబిల్లో విశ్రాంతిదినము అన్నారు. ఆదికాండంలో దేవుడు ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజున ఆగాడు, ఆ రోజును ఆశీర్వదించి పరిశుద్ధం చేశాడు. బైబిల్లో అన్నిటికంటే ముందు పరిశుద్ధం అనిపించుకున్నది గుడీ కాదు, కొండా కాదు, ఒక రోజు. డబ్బున్నవాడికైనా లేనివాడికైనా రోజు ఒక్కలాగే వస్తుంది కదా.

విశ్రాంతిదినం పాటించమనేది పది ఆజ్ఞల్లో ఒకటి. ఆ ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల కనిపిస్తుంది. నిర్గమకాండం 20వ అధ్యాయంలో చెప్పిన కారణం సృష్టి. దేవుడు ఆగాడు కాబట్టి నువ్వూ ఆగు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయానికి వచ్చేసరికి కారణం మారింది. నువ్వు ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసగా ఉన్నావు, అది మర్చిపోకు, నీ దాసుడూ నీ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి అని. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఊళ్లో ఉన్న పరదేశి, అందరూ ఆ లెక్కలో ఉన్నారు. నేను పని మానేసి నా పని ఇంకొకరి నెత్తిన పెడితే ఆ ఆజ్ఞ సగమే పాటించినట్టు. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే.

1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురం, పాలకొల్లు వైపు సువార్త చెప్పారు. అప్పటి పాలేరుకు తనదంటూ ఒక్క పూట దొరకడమే కష్టం. అలాంటి మనిషికి, వారంలో ఒక రోజు దేవుడిది, అందుకే ఆ రోజు నీది కూడా అని చెప్తే ఎలా వినిపించి ఉంటుందో నేను తరచూ ఆలోచిస్తుంటాను.

ఈ భావం మన నేలకు కొత్తదేమీ కాదు. 'కనుమ నాడు కాకి కూడా కదలదు' అంటారు. ఆ రోజు ఎద్దును కాడికి కట్టరు, కడిగి బొట్టు పెట్టి పూజ చేస్తారు. వారం వారం కనుమ వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సబ్బాతు దాదాపు అలాంటిది.

శనివారమా, ఆదివారమా అని చాలామంది అడుగుతారు. యూదులకు శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం పొద్దుగూకే దాకా. క్రైస్తవుల్లో సెవెంత్ డే అడ్వెంటిస్టులనే శాఖవాళ్లూ అలాగే పాటిస్తారు. మిగతా క్రైస్తవుల్లో ఎక్కువమంది, యేసు తిరిగి లేచింది వారంలో మొదటి రోజు కాబట్టి, ఆదివారాన్ని ప్రభువు దినంగా ఆచరిస్తారు. ఈ విషయంలో ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని పౌలు రోమీయులకు రాశాడు. నాకు ఆ మాట చాలు.

అసలు కష్టం అదను దగ్గర వస్తుంది. 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారం సెలవని శాసనం చేసినప్పుడు పట్నాల్లో పనులు ఆపించాడు కానీ రైతులకు మినహాయింపు ఇచ్చాడు. అదను దాటితే పంట పోతుందని. నిర్గమకాండం 34వ అధ్యాయం అలా అనదు. దున్నే కాలంలోనూ కోసే కాలంలోనూ ఏడో రోజు విశ్రమించాలంటుంది. పని ఎక్కువగా ఉన్నప్పుడే కూలివాడి ఒళ్లు ఎక్కువగా హూనమవుతుంది మరి.

అలాగని మా అమ్మ మొండిగా ఉండేది కాదు. ఒక ఏడు కోతలప్పుడు తుపాను పట్టింది. పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే ఆసామి వచ్చి, "అమ్మా, వాన పడేలోగా కుప్ప వేయకపోతే గింజ దక్కదమ్మా" అన్నాడు. అమ్మ వెంటనే కొడవలి కూడా మర్చిపోయి, కొంగు బిగించుకుని బయల్దేరింది. "గుంటలో పడ్డ గొర్రెను పైకి లాగొద్దని ప్రభువు చెప్పలేదు కదయ్యా" అంది. సోమవారం మాత్రం ఎవరు పిలిచినా కదల్లేదు. విశ్రాంతిదినం మనుషుల కోసమే గానీ మనుషులు విశ్రాంతిదినం కోసం కాదని యేసు చెప్పిన మాటను ఇంతకంటే బాగా వివరించిన ప్రసంగం నేను ఇంతవరకూ వినలేదు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో ఒక స్త్రీ ఉంది. 18 ఏళ్లుగా నడుము వంగిపోయి నిటారుగా నిలబడలేని మనిషి. విశ్రాంతిదినాన యూదుల ప్రార్థనాస్థలమైన సమాజమందిరంలో యేసు ఆమెను చూశాడు. ఆమె అడగలేదు, ఆయనే పిలిచి చేతులుంచాడు. ఆమె నిలబడింది. అక్కడి అధికారికి కోపం వచ్చింది. పని చేయడానికి ఆరు రోజులున్నాయి, బాగు చేయించుకోవాలంటే అప్పుడు రండి అన్నాడు. దానికి యేసు, మీ ఎద్దునో గాడిదనో ఈ రోజున విప్పి నీళ్లకు తోలుకెళ్లరా, 18 ఏళ్లుగా కట్టుబడిపోయిన ఈ అబ్రాహాము కూతురి కట్టు విప్పకూడదా అని అడిగాడు. పశువు తలుగు విప్పడం ఆయన చూసినవాడు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఊడ్పుల చేలో వరసగా వంగి ఉన్న ఆడవాళ్లే కనిపిస్తారు.

ఆజ్ఞలో నేలకూ వాటా ఉంది. ఏడో ఏడు భూమిని బీడు పెట్టాలని, దానంతట అది పండింది కూలివాళ్లూ పరదేశులూ పశువులూ తినాలని లేవీయకాండం చెబుతుంది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు, గుర్తుందా? గిట్టుబాటు కాక చేలు వదిలేశారు. దాని పేరులో సెలవు ఉంది కానీ దాంట్లో విశ్రాంతి లేదు. గుండెలో దిగులున్నవాడికి ఖాళీగా కూర్చోవడం కూడా పనే.

ఇప్పుడు మా వైపు చేలు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి. చెరువుకు ఆదివారం తెలియదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి, కరెంటు పోతే ఆ క్షణమే జనరేటర్ వేయాలి. ఆ టెన్షన్ అంతా గట్టు మీద పాకలో ఉండే కాపలా మనిషిది. చెరువు యజమాని గుడిలో బెంచీ మీద కూర్చుని పాటలు పాడుతుంటే, ఆయన చెరువు మీద ఆ మనిషి నిద్రలేకుండా ఉంటాడు. మా సంఘంలో దీని గురించి ఈమధ్య మాట్లాడుకున్నాం. ఒక యజమాని ఏమీ వాదించలేదు. తర్వాతి శనివారం రాత్రి టార్చి పట్టుకుని తన కొడుకుతో కలిసి తనే గట్టు మీదికి వెళ్లాడు.

మర్నాడు ఆ కాపలా ఆయన గుడికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చివరి బెంచీలో గోడవైపు కూర్చున్నాడు. రెండో పాట సగంలో తల వాలిపోయింది. పక్కనున్న పెద్దాయన ఫ్యాన్ అటు తిప్పాడు. ఆరాధన అయిపోయి అందరం లేచినా ఆయన్ని ఎవరూ లేపలేదు.