ఆంగ్కోర్ వాట్‌లో ఎడమ చేతి వైపు గోడ

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది పాస్‌పోర్టులు తీసుకుని, టూర్ ప్యాకేజీలు చూసుకుంటున్నారని నిర్వాహకులు చెప్పారు. సంతోషం. ఏ దేశం వెళ్ళాలో, ఎన్ని ఊళ్ళు చుట్టిరావాలో మాత్రం నేను చెప్పను. ఒక్క గుడి గురించి, అందులోనూ ఒక్క గోడ గురించి చెబుతాను.

కంబోడియాలో సియెమ్ రీప్ అనే ఊరి పక్కనే ఆంగ్కోర్ వాట్ ఉంది. 12వ శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మన్ విష్ణువు కోసం కట్టించిన గుడి. చుట్టూ 190 మీటర్ల వెడల్పున కందకం. దాని మీది రాతి బాట దాటి, ఇంకా చాలా దూరం నడిస్తే తప్ప అసలు గుడి దగ్గరికి చేరం. నేను మా అమ్మను తీసుకుని వెళ్ళాను. లోపలి మండపం చేరగానే అమ్మ చెప్పులు విప్పబోయింది. తర్వాత అలవాటు ప్రకారం గుడిని కుడి చేతి వైపు ఉంచుకుని ఎడమకు తిరిగింది. ప్రదక్షిణం కదా మరి.

గైడ్ కుర్రాడు వెంటనే, ఎంతో మర్యాదగా, "మేడమ్, ఇటు" అని కుడివైపు చూపించాడు. ఇక్కడి కథ అటునుంచి మొదలవుతుందన్నాడు. ఆంగ్కోర్ వాట్ గోడల మీది శిల్పాలు అప్రదక్షిణంగా నడుస్తాయి. గోడ మన ఎడమ చేతి వైపు ఉంటుంది. పైగా గుడి ముఖం పడమటికి. ఇది రాజు మరణానంతరం కోసం కూడా కట్టించుకున్న గుడి అయ్యుండాలని చాలామంది పరిశోధకులు అనడానికి ఈ రెండూ కారణాలే. చనిపోయాక ఆయనకు పెట్టిన పేరు పరమవిష్ణులోక. ఇది వినగానే అమ్మ మారు మాట్లాడలేదు. "అపసవ్యం అన్నమాట" అని కుడివైపు నడిచింది. తండ్రి తద్దినాలు చూసిన మనిషికి ఇంకొకరు విడమరిచి చెప్పాలా?

తూర్పు వైపు గోడ మీద క్షీరసాగర మథనం ఉంది. 49 మీటర్ల పొడవు. ఒకవైపు 92 మంది అసురులు, ఇంకోవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. నడుమ విష్ణువు, కింద కూర్మం. ఇంతవరకు మనకు తెలిసిన కథే. తోక చివర చూస్తే మాత్రం దేవతల వరసలో ఒక వానరుడు నిలబడి లాగుతున్నాడు. మన కథలో ఆయన లేడు. ఖ్మేర్ శిల్పులకు, అంటే అక్కడి కంబోడియా శిల్పులకు, ఉన్నాడు! ఇంకా కింద, సముద్రంలోకి చూడండి. అంచుల్లో చేపలు, మొసళ్ళు నిండుగా ఉంటాయి. కవ్వానికి దగ్గరయ్యేకొద్దీ ఆ చేపలు తెగి ముక్కలై తేలుతుంటాయి. సుడి అంత బలంగా ఉందని శిల్పి అలా చెప్పాడు. జీవితమంతా మజ్జిగ చిలికిన మా అమ్మ ఆ ముక్కల దగ్గర ఎంతసేపు నిలబడిందో నేను లెక్కపెట్టలేదు. ఆలోగా రెండు టూర్ బృందాలు మమ్మల్ని దాటి వెళ్ళిపోయాయి. ఒక బృందం మొత్తం గోడకు వీపు పెట్టి ఫొటో దిగి వెళ్ళింది. నాకు బాధేసింది. అంత డబ్బు పెట్టి వచ్చి, శిల్పం వైపు వీపు తిప్పి వెళ్ళిపోతున్నారే అని.

దక్షిణం వైపు యముడు దున్నపోతు మీద ఉంటాడు, దగ్గరలోనే చిత్రగుప్తుడు. కింద 32 నరకాలు, ఒక్కోదానికి ఖ్మేర్ భాషలో చిన్న రాత. ఆ లిపి మన దక్షిణాది పల్లవ లిపి నుంచి పుట్టిందే. చదవలేకపోయినా ఆ అక్షరాల ఒంపులు ఎక్కడో చూసినట్టే ఉంటాయి.

నాలుగు పనికొచ్చే మాటలు కూడా చెప్పాలి. టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. ఆ మూడు రోజులూ వరసగా వెళ్ళాల్సిన పని లేదు, పది రోజుల్లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. మూడు రోజులదే తీసుకోండి. పైఅంతస్తు ఎక్కాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. సూర్యోదయానికి కొలను గట్టున ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. తెల్లారాక చాలామంది టిఫిన్లకి హోటళ్ళకు వెళ్ళిపోతారు. అప్పుడు తూర్పు గోడ దగ్గరికి వెళ్ళండి, పొద్దుటి ఎండ వాలుగా పడుతుంది. పడమటి గోడను సాయంత్రానికి ఉంచుకోండి.

ఇంకొకటి. ఆ దేశంలో 1975 నుంచి 1979 వరకు, ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో, నాలుగేళ్ళు కూడా నిండకుండానే, 15 నుంచి 20 లక్షల మంది ప్రాణాలు పోయాయి. తర్వాత కూడా యుద్ధం ఆగలేదు. ఆ రోజుల్లోనే, 1986 నుంచి 1993 వరకు, మన భారత పురావస్తు శాఖ వాళ్ళు వెళ్ళి ఆంగ్కోర్ వాట్‌కి మరమ్మతులు చేశారు. ఇప్పటికీ కొన్ని గుళ్ళకు వెళ్ళే దారిలో, మందుపాతరలకు కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు చెట్ల కింద కూర్చుని వాద్యాలు వాయిస్తుంటారు. దయచేసి వాళ్ళను దాటుకుని పరుగెత్తకండి. ఒక్క పాటైనా నిలబడి వినండి.

ఆ రోజు సాయంత్రం పడమటి గోడ దగ్గరికి తిరిగొచ్చాం. అక్కడ కురుక్షేత్రం ఉంది. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు, మధ్యలో ఏనుగులు, రథాలు, ఒకరి మీద ఒకరు పడి చస్తున్న సైనికులు. మొదట్లోనే, పైన, అంపశయ్య మీద భీష్ముడు. ఎర్రటి ఎండ సరిగ్గా ఆ బాణాల మీద పడింది. అమ్మ ఎదురుగా స్తంభం పక్కన అరుగు మీద కూర్చుని, "ఉత్తరాయణం వచ్చేదాకా ఇలాగే ఉన్నాడు పాపం" అంది. గైడ్‌కి తెలుగు రాదు. అయినా ఆ మాట ఏమిటని నన్ను అడగలేదు, తనూ వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆ పూట ఇంకో రెండు గుళ్ళు చూడాల్సి ఉంది. వెళ్ళలేదు. వెలుగు పోయేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం.