ఎర్ర చేప, పచ్చని కాపురం: జంతువులు, రంగులున్న ఇంగ్లీషు నుడికారాలు

[బోర్డు మీద తెలుగు లిపిలో 'బేర్ విత్ మీ' అని రాసి ఉంటుంది. మాస్టారు కెమెరా ముందుకు వస్తారు.]

నమస్తే అండి. విజయనగరం గంటస్తంభం దగ్గర చిన్న గదిలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను. మా దగ్గరికి ఉద్దానం నుంచి వచ్చిన అమ్మాయి ఒకరున్నారు. మొన్న ఆమెకు ఫోన్‌లో ఇంటర్వ్యూ జరిగింది. మధ్యలో అవతలి మేడమ్ "ప్లీజ్ బేర్ విత్ మీ" అన్నారట. అంతే, ఈ పిల్లకి నోట మాట రాలేదు. కవిటి, సోంపేట, మందస వైపు ఎలుగుబంట్లు జీడితోటల్లోకి, కొబ్బరితోటల్లోకి వచ్చేస్తుంటాయి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లకి బేర్ అంటే ఇంకేం గుర్తొస్తుంది? కాల్ అయ్యాక నా దగ్గరికొచ్చి, "బేర్ అంటే ఎలుగే కదా మాస్టారూ, మధ్యలో ఎలుగు గురించి ఎందుకు మాట్లాడారావిడ?" అని అడిగింది.

ఆ అమ్మాయి తప్పేం లేదు. స్పెల్లింగ్ అదే, పలకడమూ అదే. కానీ అక్కడ బేర్ అంటే భరించడం. "కాస్త ఓపిక పట్టండి" అన్నారావిడ. కంప్యూటర్ నెమ్మదిగా ఉన్నప్పుడు, కాగితం వెతుక్కుంటున్నప్పుడు అనే మాట అది. దానికి జవాబు చాలా చిన్నది: "ష్యూర్, టేక్ యువర్ టైమ్."

నుడికారాల దగ్గర మనవాళ్లు పడే టెన్షన్ అంతా ఇలాంటిదే. వంద మాటలు బట్టీ పట్టినా, వందా మర్చిపోతారు. నేను పిల్లలకి రెండు పనులు చెప్తాను. ఆ మాట ఎలాంటి ఊళ్లో పుట్టిందో చూడమంటాను. అదే సందర్భంలో మన ఇంట్లో అమ్మమ్మ ఏమంటుందో గుర్తు తెచ్చుకోమంటాను.

[దగ్గర నుంచి: కాగితం పొట్లం విప్పితే ఎండు నెత్తళ్లు.]

ఇవి ఎండు నెత్తళ్లు. పొద్దున్న కొన్నాను. కాగితంలో చుట్టి, దానిపైన కవర్లో పెట్టి, బ్యాగులో అడుగున దాచినా బస్సులో పక్కాయనకి తెలిసిపోయింది. ఈ వాసన గుర్తుంచుకోండి. ఇప్పుడు చెప్పబోయే మాటలో జంతువూ ఉంది, రంగూ ఉంది: 'రెడ్ హెర్రింగ్'.

హెర్రింగ్ అనేది ఇంగ్లండు చుట్టుపక్కల సముద్రాల్లో దొరికే చేప. మన కళింగపట్నంలో అయితే చేపని ఇసుక మీద ఎండలో ఆరేస్తారు. అక్కడ అంత ఎండ ఎక్కడిది? అందుకని ఉప్పులో ఊరబెట్టి బాగా పొగబెట్టేవారు. దాంతో ఎర్రగా, గోధుమరంగులోకి తిరిగేది. వాసన కూడా గట్టిదే. 1807లో విలియం కాబెట్ అనే పత్రికా రచయిత ఒక సంగతి రాశాడు. చిన్నప్పుడు కుందేలు వెంటపడిన వేటకుక్కల్ని ఎర్ర హెర్రింగ్ వాసనతో దారి తప్పించానన్నాడు. అప్పట్లో నెపోలియన్ ఓడిపోయాడని ఒక తప్పుడు వార్త వస్తే, పత్రికలన్నీ దాని వెంట పరిగెత్తి ఇంటి సమస్యలు వదిలేశాయని ఆయన కోపం. కుక్కలకి ఎర్ర చేప ఎలాగో, పత్రికలకి ఆ వార్త అలాగన్నమాట. ఈ మాట అంత వాడుకలోకి రావడానికి ఆ రాత పెద్ద కారణం.

మనకి ఇది కొత్తేం కాదు. మూడు రోజులుగా కుళాయి రావట్లేదని అడిగితే, కొత్తగా వేసిన వీధి దీపాల గురించి పావుగంట చెప్తారు చూడండి, ఆ దీపాలు రెడ్ హెర్రింగ్. "దట్స్ ఎ రెడ్ హెర్రింగ్" అనండి, సరిపోతుంది. షేర్ మార్కెట్ వార్తల్లో 'రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్' అని వింటుంటారు, కంపెనీ తన షేర్లు జనానికి అమ్మేముందు ఇచ్చే వివరాల పత్రం అది. ఆ పేరుకి ఈ కుక్కలతో సంబంధం లేదు. ఆ పత్రం అట్ట మీద హెచ్చరికను ఎర్ర సిరాతో అచ్చు వేసేవారు, దాన్నుంచి వచ్చింది.

[బోర్డు మీద 'గ్రీన్ విత్ ఎన్వీ'. వెనక వరిచేను ఫోటో.]

రంగుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇది. ఎదుటివాళ్లు బాగుపడితే ఓర్వలేని మనిషిని ఇంగ్లీషులో 'గ్రీన్ విత్ ఎన్వీ' అంటారు. అక్కడ అసూయపడేవాడు ఆకుపచ్చగా అయిపోతాడు. మనం ఏమంటాం? "వాళ్ల కాపురం పచ్చగా ఉంటే చూడలేకపోతున్నారు" అంటాం. మన దగ్గర పచ్చగా ఉండేది బాగుపడినవాడు! వరి పండే ఊళ్లలో పచ్చదనం అంటే ఇంటి నిండా గింజలు. దాన్ని ఈర్ష్యకి ఇవ్వడానికి మనకి మనసొప్పదు. మనకి ఈర్ష్య వస్తే కళ్లు కుడతాయి. ఈ తేడా ఒక్కసారి పట్టుకుంటే ఆ ఇంగ్లీషు మాట జన్మలో మర్చిపోరు.

'వైట్ లై' సంగతి తేలిక. ఎవరికీ నష్టం లేని చిన్న అబద్ధం. కూర బాలేకపోయినా వదినతో "బాగుంది వదినా" అనడం లాంటిది.

'బ్లాక్ షీప్' అంటే ఇంట్లో చెడబుట్టినవాడు. తెల్ల ఉన్నికి ఏ రంగైనా ఎక్కుతుంది, నల్లదానికి ఎక్కదు. అందుకే అక్కడి వ్యాపారులు నల్ల గొర్రె ఉన్నికి తక్కువ ధర కట్టేవారు. మన రోడ్ల మీద వెళ్లే మందల్లో నల్లవీ, గోధుమరంగువీ కలిసే నడుస్తాయి, ఏ కాపరీ నల్లదాన్ని చిన్నచూపు చూడడు.

[ఏనుగుల గుంపు బొమ్మ.]

కురుపాం, కొమరాడ 2022 వరకు మన విజయనగరం జిల్లాలోవే, ఇప్పుడు పార్వతీపురం మన్యం. అటువైపు ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు చేలల్లో తిరుగుతుంటే ఊరంతా అదే మాట. ఇంగ్లీషులో 'ద ఎలిఫెంట్ ఇన్ ద రూమ్' దానికి పూర్తిగా తిరగబడ్డ మాట. గదిలో ఏనుగంత సమస్య ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది, ఎవరూ నోరెత్తరు. పండక్కి అన్నదమ్ములందరూ ఇంటికొచ్చారు. అరిసెల గురించి, వానల గురించి మాట్లాడుకుంటున్నారు. అమ్మని ఎవరు చూసుకోవాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తట్లేదు. అదీ ఆ ఏనుగు.

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే మన "ఏ పుష్కరానికో ఒకసారి". ఒకే నెలలో రెండో పున్నమి వస్తే దాన్ని బ్లూ మూన్ అంటారు. 2023 ఆగస్టులో వచ్చింది. చంద్రుడు నీలంగా ఏమీ మారడు. పుష్కరం పన్నెండేళ్లకి, ఇది రెండున్నర, మూడేళ్లకి. లెక్క తేడా ఉన్నా భావం ఒకటే.

ఇక 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్', అంటే కుండపోత వాన. దీన్ని పాఠాల్లో నేర్పినంతగా బయట ఎవరూ వాడరు. 2018లో తిత్లీ తుపాను రోజున పలాసలో పడ్డ వాన గురించి చెప్పాలంటే "ఇట్ వాజ్ పోరింగ్" అనండి, చాలు.

మన మాటని ఇంగ్లీషులోకి పట్టుకెళ్లేటప్పుడూ ఇంతే జాగ్రత్త కావాలి. 'గోడ మీద పిల్లి'ని మాటకి మాట మారిస్తే వాళ్లకి పిల్లే కనిపిస్తుంది, మనిషి కనిపించడు. వాళ్లయితే 'సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్' అంటారు. 'మేకవన్నె పులి' ఇంకా అందమైనది. వన్నె అంటే రంగే కదా! జంతువులూ రంగూ ఒక్క మాటలో కట్టేశారు మన పెద్దలు. ఇంగ్లీషులో అది 'వుల్ఫ్ ఇన్ షీప్స్ క్లోతింగ్', బైబిల్ నుంచి వచ్చింది. అక్కడ తోడేలు, ఇక్కడ పులి.

[బోర్డు తుడిచి రాస్తారు: 'ఎంగిలి చేత్తో కాకిని తోలడు'.]

ఇవాళ్టి పని ఇది. ఈ మాటని ముందు ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పైకి చెప్పుకోండి, ఎలా వినిపిస్తుందో చూడండి. తర్వాత ఆ పిసినారిని ఇంగ్లీషువాళ్లు ఏమంటారో నోటుబుక్కులో రాయండి. ఒక్క క్లూ ఇస్తాను: అందులో కాకి లేదు, చెయ్యి మాత్రం ఉంది.