గద్దె దించడం బాగా తెలిసిన దేశం

నమస్తే అండీ. గద్దెనెక్కాడు, గద్దె దించారు అని మనం మాటవరసకి అంటుంటాం కదా, పడమటి ఆఫ్రికాలో ఘనా అనే దేశం ఉంది, అక్కడ అది మాటవరసకి కాదు, నిజంగానే రాజుని చెక్క పీట మీద కూర్చోబెడతారు, నచ్చకపోతే దించేస్తారు. దించేటప్పుడు ముందు కాళ్ళకున్న చెప్పులు తీయించేస్తారు, పాదం నేలకి తగిలిందా ఇక రాజు కాదన్నమాట.

ఇది ఘనాలోని అసాంటే రాజ్యం సంగతి, కుమాసీ దాని రాజధాని. తెల్లవాళ్ళు అశాంతి అని రాసేవాళ్ళు, మన అశాంతి కాదులెండి, అయినా వాళ్ళకి మాత్రం అశాంతే మిగిల్చారు! 1874లో బ్రిటిష్ సైన్యం కుమాసీని తగలబెట్టింది. అదే ఏడాది రాజు కోఫీ కరికరి పూర్వీకుల సమాధుల్లోంచి బంగారం తీశాడని వాళ్ళ పెద్దలే దించేశారు. అంటే రాజుకి లెక్క అడిగేవాళ్ళు ఉండేవాళ్ళు.

అసలు పీట ఒకటుంది, బంగారు పీట. దాని మీద రాజు కూడా కూర్చోడు, దానికే వేరే ఆసనం వేస్తారు, జాతి ప్రాణం అందులో ఉందని నమ్మకం. 1900లో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ కుమాసీకి వచ్చి ఆ పీట ఏది, నేనెందుకు దాని మీద కూర్చోలేదు అని అడిగాడు. జనం కిక్కురుమనకుండా విని ఇళ్ళకెళ్ళి తుపాకులు తీశారు. ముందు నిలబడింది యా అసంటేవా అనే పెద్దావిడ, ఎజిసు రాజమాత. ఓడిపోయారు, ఆవిడని సీషెల్స్ దీవులకి పంపేస్తే అక్కడే 1921లో పోయింది. పీట మాత్రం గవర్నర్‌కి దొరకలేదు.

తర్వాత 1948 ఫిబ్రవరి, దేశ రాజధాని అక్రా, ఇంకా బ్రిటిష్ పాలనే. బర్మాలో బ్రిటన్ తరఫున జపాన్‌తో పోరాడి వచ్చిన మాజీ సైనికులు తమ గోడు అర్జీగా రాసుకుని గవర్నర్ దగ్గరికి నడిచి వెళ్తుంటే కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఊరంతా అట్టుడికింది. అక్కడి నుంచి స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఎన్‌క్రుమా పేరు మారుమోగింది, గాంధీగారి దారి అని సమ్మెలు చేయించి జైలుకెళ్ళి, 1951లో జైల్లో ఉండే ఎన్నిక గెలిచాడు. 1957 మార్చి 6న స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు పీజీ అని రాసున్న టోపీ పెట్టుకున్నాడు. పోస్ట్ గ్రాడ్యుయేట్ కాదండోయ్, ప్రిజన్ గ్రాడ్యుయేట్!

కానీ అదే మనిషి మరుసటేడే విచారణ లేకుండా లోపలేసే చట్టం తెచ్చాడు, 1964కల్లా ఒకే పార్టీ అన్నాడు. తనకి రాజకీయాల్లో దారి చూపిన డాంక్వా 1965లో జైల్లోనే చచ్చిపోయాడు, నాకైతే ఇది మింగుడుపడదు. పాత రాజుకున్న పాటి భయం కూడా కొత్త ప్రెసిడెంట్‌కి లేకుండా పోయింది కదా. 1966లో ఆయన విదేశాల్లో ఉండగా సైన్యం దించేసింది. ఆ తర్వాత కుట్ర మీద కుట్ర, 1979లో రాలింగ్స్ అనే సైనికాధికారి అధికారంలోకి వచ్చాక ముగ్గురు మాజీ అధినేతల్ని కాల్చి చంపారు. 1992లో రాజ్యాంగం వచ్చాకే కాస్త కుదుటపడింది.

2012 అధ్యక్ష ఎన్నికల్లో ఓడిపోయిన అకుఫో అడ్డో ఆ ఫలితం మీద సుప్రీంకోర్టుకెళ్ళాడు, ఆ విచారణ నెలల తరబడి లైవ్ ఇచ్చారు, దేశమంతా దానికే అతుక్కుపోయింది. తీర్పు ఆయనకి వ్యతిరేకంగా వచ్చింది. సరే అని ఇంటికెళ్ళిపోయి, 2016లో మళ్ళీ నిలబడి గెలిచాడు.