కార్బ్యురేటర్ ట్యూనింగ్‌లో పెట్రోల్ పొంగితే ఎటు పోతుంది? ఓవర్‌ఫ్లో పైపుల కిట్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఇవాళ టేబుల్ మీద ఉన్నవి రెండు సన్నని లోహపు గొట్టాలు, కాస్త రబ్బరు హోస్, నాలుగు క్లిప్పులు. ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్ మోడల్ కార్బ్యురేటర్ల (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కి పంపేవి) ఫ్లోట్ బౌల్ మూతలకు, అంటే వాటిలో పెట్రోల్ నిలవుండే చిన్న గిన్నెల మూతలకు తగిలించే ఓవర్‌ఫ్లో పైపుల కిట్ ఇది. పాత కార్లవాళ్లు కార్బ్యురేటర్లను తళతళలాడేలా పాలిష్ చేస్తారు, ఈ గొట్టాలు ఉన్నాయా లేదా అని మాత్రం చాలామంది చూడరు.

ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తి చూడండి. ఆ 1798 సీసీ ఇంజన్‌కి కార్బ్యురేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగను బయటికి పంపే గొట్టాలు) రెండూ ఒకే వైపు ఉంటాయి. కార్బ్యురేటర్లు పైన, మానిఫోల్డ్ కింద. ఫ్లోట్ బౌల్ నిండగానే లోపల తేలే ఫ్లోట్ పైకి లేచి, పెట్రోల్ వచ్చే దారిలోని నీడిల్ వాల్వ్ మూసుకోవాలి. అందులో ఓ నలక ఇరుక్కుందంటే వాల్వ్ మూసుకోదు, పంపు తోస్తూనే ఉంటుంది, పెట్రోల్ పొంగి బయటికొస్తుంది. గొట్టం లేకపోతే అది పడేది వేడి మానిఫోల్డ్ మీదే. పెట్రోల్ ఫ్లాష్ పాయింట్ దాదాపు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్. అంటే ఎంత చలిలోనైనా అంటుకునేంత ఆవిరి వస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలబారుగా పాకుతుంది. షెడ్డులో ఓ మూల వెలుగుతున్న హీటర్ కూడా ప్రమాదమే.

అసలు టెన్షన్ ట్యూనింగ్ టైములోనే. ఎయిర్ ఫిల్టర్లు తీసేసి ఉంటాం, ఇంజన్ వేడిగా ఉంటుంది, మిక్స్చర్ (పెట్రోల్, గాలి పాళ్లు) తెలుసుకోవడానికి కార్బ్యురేటర్ లోపలి పిస్టన్‌ని మిల్లీమీటరు లోపు ఎత్తి శబ్దం వింటుంటాం. మొహం, చేతులు అక్కడే ఉంటాయి.

ఇక కిట్ సంగతి. గొట్టాల పనితనం నాకు బాగా నచ్చింది. వంపులు ఎక్కడా నొక్కుకుపోలేదు, హీట్ షీల్డ్‌ను దాటి ఇంజన్ కిందికి దిగుతాయి. చివరలు ఎగ్జాస్ట్ పైపుకి దూరంగా ఉన్నాయో లేదో మాత్రం కారు కింద టార్చ్ వేసి మీరే చూసుకోవాలి. హోస్ మాత్రం వాడొద్దు. దాని మీద ఏ గ్రేడ్ మార్కూ లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ మామూలు రబ్బరును పాడుచేస్తుంది. ఇంధన హోస్‌ల ప్రమాణం ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న హోస్ తెచ్చి వేసుకోండి.

కిట్‌తో వచ్చిన కాగితంలో ఒక సలహా చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. రెండు గొట్టాలనూ ఇంజన్ పక్కన ఓ ప్లాస్టిక్ సీసాకి కలిపి మూత బిగించమంటున్నారు. దయచేసి అలా చేయకండి. పొంగిన పెట్రోల్‌ను వేడి ఇంజన్ పక్కనే నిలవ పెట్టినట్టవుతుంది. ఇంకో సంగతి, ఫ్లోట్ బౌల్ గాలి పీల్చేది కూడా ఈ దారిలోనే. దాన్ని మూసేస్తే బౌల్‌లో ఒత్తిడి తేడా వచ్చి మిక్స్చర్ చెడుతుంది. పొంగిన పెట్రోల్‌కి వేరే దారి లేక జెట్ (పెట్రోల్ బయటికొచ్చే సన్నని రంధ్రం) లోంచి ఇంజన్‌లోకి పోతుంది. ఇదే కారణంగా గొట్టం మడతపడకూడదు, చివర మట్టి పట్టకూడదు.

అయితే గొట్టం పొంగడాన్ని ఆపదు, పొంగినదానికి దారి చూపిస్తుందంతే. కాబట్టి ట్యూనింగ్‌కి ముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా వినండి. ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు కాసేపు టిక్‌టిక్‌మని బౌల్స్ నిండాక ఆగాలి. ఆగకుండా కొడుతూనే ఉంటే పెట్రోల్ ఎక్కడో కారుతోంది, లేదా ట్యాంకు ఖాళీ. వెంటనే ఇగ్నిషన్ ఆపేయండి.

కారుతోంది బౌల్ నుంచే అయితే మూత విప్పండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ చప్పుడు వస్తోందా? చిల్లు పడింది, మార్చేయండి. నీడిల్ వాల్వ్ మొన అరిగితే వైటన్ (పెట్రోల్‌ని తట్టుకునే రబ్బరు) మొన ఉన్నది వేయండి, బాగా మూసుకుంటుంది. మూత తిరగేసి, ఫ్లోట్ లీవర్‌కీ మూతకీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల కడ్డీ పట్టేలా చూడండి. ఈ ఎత్తు తప్పితే జెట్‌లో పెట్రోల్ మట్టం మారుతుంది. ఆ తర్వాత మిక్స్చర్ నట్‌ని ఎంత తిప్పినా ట్యూనింగ్ నిలవదు.

పంపు మార్చినవాళ్లు ప్రెజర్ గేజ్ పెట్టి ఒత్తిడి ఎన్ని పీఎస్‌ఐ ఉందో చూడండి. ఎస్‌యూలకి 3 పీఎస్‌ఐ దరిదాపుల్లో చాలు. ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు 40 పీఎస్‌ఐ పైన తోస్తుంది, దాని ముందు ఏ నీడిల్ వాల్వూ నిలబడదు.

పని మధ్యలో పొంగిందా, ముందు ఇగ్నిషన్ ఆఫ్. స్పానర్ తర్వాత. తడి ఆరి, వాసన పోయేదాకా మళ్లీ స్టార్ట్ చేయొద్దు, తుడిచిన గుడ్డలు షెడ్డు బయట ఆరుబయట పెట్టండి. డ్రై పౌడర్ లేదా ఫోమ్ ఎక్స్‌టింగ్విషర్ బానెట్ దగ్గర కాదు, మీరు వెనక్కి తగ్గే దారిలో ఉండాలి. పెట్రోల్ మంట మీద నీళ్లు అస్సలు పోయొద్దు.

మరి కిట్ కొనొచ్చా? గొట్టాల కోసం తప్పకుండా కొనండి. హోస్ మాత్రం మంచిది విడిగా తెచ్చుకోండి, దాంతోపాటే రెండు కొత్త నీడిల్ వాల్వులు కూడా.