కచేరీలో క్లిక్‌మనకుండా ఫొటో తీయడం

నమస్కారం. ఆలాపన తారస్థాయి షడ్జం దగ్గరికొచ్చి నిలిచింది. హాల్లో తంబూరా శ్రుతి తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి టకటకా ఫొటోల చప్పుడు! చప్పుడు లేకుండా ఫొటో తీసే సైలెంట్ షట్టర్ ఉన్న కెమెరా చేతిలో పెట్టుకుని కూడా ఇలా చేయడం నాకు అస్సలు నచ్చదు. సంగీత కచేరీకి వెళితే ఆ మోడ్ ఆన్ చేసే కూర్చోండి.

అయితే దాంతో ఒక చిక్కుంది. సైలెంట్ మోడ్‌లో షట్టర్ రేకులు కదలవు. వెలుగును పట్టే సెన్సర్ ఫొటోను ఒక్కసారిగా కాకుండా వరుస తర్వాత వరుసగా చదువుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చాలా చౌకరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ 1/500 సెకను షట్టర్ స్పీడులో తీస్తే ఫొటో నిండా అడ్డంగా నల్లచారలు పడతాయి. 1/100 గానీ 1/50 గానీ పెట్టండి. అప్పుడు ప్రతి వరుసకూ పూర్తి మినుకులే అందుతాయి, వెలుగు సమానంగా పడుతుంది. కూర్చుని పాడేవాళ్లకు 1/100 బాగానే సరిపోతుంది. అమెరికాలో మన తెలుగు సంఘాల వేడుకలు తీసేవాళ్లకు లెక్క మారుతుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, అందుకని 1/60 లేదా 1/125.

స్టేజీ వెనక ఎల్‌ఈడీ స్క్రీన్ ఉంటే ఈ లెక్క పనిచేయకపోవచ్చు. మైక్ టెస్టింగ్ జరుగుతున్నప్పుడే నాలుగు ఫొటోలు తీసి, జూమ్ చేసి చూసుకోండి.

కూచిపూడికి మాత్రం నేను మామూలు షట్టరే వాడమంటాను. వేగంగా తిరిగే చెయ్యి సైలెంట్ మోడ్‌లో వంకరగా పడుతుంది, సెన్సర్ కింది వరుసకు చేరేలోపు చెయ్యి జరిగిపోతుంది కదా. పైగా నట్టువాంగం, మృదంగం, గజ్జెల మధ్య ఆ క్లిక్ ఎవరికీ వినపడదు. ఈ వంకర దాదాపు రాని కెమెరాలూ ఉన్నాయి. 2021లో వచ్చిన నికాన్ జెడ్9కి అసలు రేకులు కదిలే మెకానికల్ షట్టరే లేదు, సెన్సర్ అంత వేగంగా చదువుతుంది. 2023లో సోనీ ప్రకటించిన ఏ9 త్రీ మొత్తం ఫ్రేమును ఒకేసారి పట్టేస్తుంది. కానీ అవి లక్షల్లో మాట, అందరూ కొనలేరు.

ఇంకొకటి. ఫోకస్ బీప్, ముందు వెలిగే ఫోకస్ లైటు, వెనక స్క్రీన్, మూడూ ఆపేయండి. చీకటి హాల్లో ఆ స్క్రీన్ వెలుగు మూడు వరుసల వెనక్కి కొడుతుంది. వ్యూఫైండర్‌లోనే చూసుకోండి. చోటు మారాలంటే కృతి అయిపోయి, చప్పట్లు మొదలయ్యాకే లేవండి.